పొడి పేపర్ల సాక్ష్యం

మా కారుకు పద్దెనిమిదేళ్ళు. మొదటినుంచీ హోసూరులో దాన్ని చూసిన మెకానిక్ ఒక్కడే. కెలమంగలం పక్క రైతు కుటుంబం. పొద్దున పొలం చూసుకుని, పది గంటలకు వచ్చి షెడ్డు తెరుస్తాడు. అతని మీద నేనొక నింద వేశాను. అది తప్పని తేలాక కూడా దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోలేకపోయాను.

పోయిన ఏడాది వానలు తగ్గాక ఒకసారి ఇంజన్ వేడెక్కితే, అతను పైభాగం విప్పి గ్యాస్కెట్ మార్చాడు. ఇంజన్ పై ముక్కకూ కింది ముక్కకూ మధ్య, నీళ్ళూ ఆయిలూ కలవకుండా పెట్టే పలక అది. నెల తిరగకముందే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గడం మొదలైంది. తెల్ల డబ్బాలో గీత దాకా పచ్చటి నీళ్ళు పోస్తే, నాలుగు రోజులకు రెండు వేళ్ళు కిందికి పోయేది.

ముప్పై ఏళ్ళు దినపత్రికలో పనిచేసినవాడి ఇంట్లో పాత పేపర్లకు కరువుండదు. సాయంత్రం కారు నిలిపాక ఇంజన్ కింద ఒక పేపర్ పరిచి, పొద్దున తీసి చూసేవాణ్ణి. చుక్క తడి లేదు. ప్రతి పేపర్ మూలన ఏ రోజుదో రాసి దాచాను. అలా నాలుగు పేపర్లు.

ఆ రోజుల్లోనే నా భార్య చెప్పింది, "కార్లో నా కాళ్ళ కింద పట్టా తడిగా ఉంటాదండీ. ఒక మాదిరి తీపి వాసన కూడా."

"ఏసీ నీళ్ళు" అన్నాను.

"ఈ చలికి ఏసీ ఎవురు ఏసినారు?"

అయితే చెప్పులకు అంటిన మంచు అన్నాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పొద్దున హీటర్ వేస్తే ముందు అద్దానికి లోపలివైపు జిడ్డుగా మసక పట్టేది. గుడ్డతో తుడిచేది నేనే. తుడుస్తూ కూడా ఆలోచించలేదు.

నీళ్ళు బయటికి కారడం లేదు, అయినా తగ్గుతున్నాయి. అంటే ఇంజనే తాగుతోంది. కొత్త గ్యాస్కెట్ వేసి ఉంటే ఎందుకు తాగుతుంది? వేయలేదు, పాతదాన్నే తుడిచి పెట్టాడు. ఇంత చక్కగా అతికిన కథ నా చేతికి చాలా ఏళ్ళుగా దొరకలేదు.

నాలుగు పేపర్లూ తీసుకుని షెడ్డుకు పోయాను. అక్కడ ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఒక ఫ్యాక్టరీలో స్టాఫ్ వ్యాన్ల వ్యవహారం చూసే మనిషి. మూడు వ్యాన్ల పని ఈ షెడ్డుకు ఇచ్చే మాట మాట్లాడుతున్నాడు. నేను ఆగలేదు. పేపర్లు బానెట్ మీద పరిచాను.

మెకానిక్ నవ్వాడు. "ఏందన్నా, పేపర్ తెచ్చినావు. నా గురించి ఏమన్నా ఏసినారా?"

"నాలుగు దినాలు చుక్క పడలేదు. నీళ్ళు యాడికి పోతా ఉండాయి మరి?"

అతను ఆయిల్ కడ్డీ తీసి వేలికి రాసి చూశాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి, వెనక్కి పోయి పొగ దగ్గర చెయ్యి పెట్టి వాసన చూశాడు. "ఇంజన్ తాగలేదన్నా. రెండు దినాలు బండి ఈడ ఇడిసిపో. లోపల కూడా చూడాల."

"లోపలంటే?"

"మనుషులు కూర్చునే తావు."

రెండు రోజుల తరువాత రమ్మన్న ఆఫీసరు ఆ రెండు రోజుల్లో ఫైలు సరిచేసుకుంటాడని మా పనిలో మాకు బాగా తెలుసు. గడువు అడిగాడంటే ఏదో దాస్తున్నాడనే లెక్క. అదే కొలబద్ద తెచ్చి ఇతని మీద పెట్టాను.

"ఇంజన్లో నీళ్ళు తగ్గితే సీట్ల కింద ఎతుకుతావా? పాత గ్యాస్కెట్టే తుడిచి పెట్టినానని చెప్పరాదా?"

అతను చేతులు తుడుచుకున్నాడు. "పాతది తీసి నీకు చూపించినాను కదన్నా."

చూపించిన మాట నిజం. "ఏదో ఒక పాతది చూపించినావు" అన్నాను.

వ్యాన్ల ఆయన పేపర్ల వైపు చూశాడు, మెకానిక్ వైపు చూశాడు. మళ్ళీ వస్తానని లేచాడు. నేను కారు తీసుకుని వచ్చేశాను.

తరువాతి వారం ఇద్దరం కృష్ణగిరికి బయలుదేరాం. శూలగిరి దాటాక వేడి చూపే ముల్లు ఎర్రగీతకు ఎక్కింది. పక్కకు ఆపి, చల్లారాక, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు పోసి, మెల్లగా కృష్ణగిరి చేరి మొదట కనబడిన షెడ్డులోకి తిప్పాను. అక్కడి మెకానిక్ పెద్దాయన. తమిళంలో రెండు మాటలడిగి, రేడియేటర్ మూత తీసి ఆ చోట చేతిపంపు బిగించి గాలి కొట్టాడు. పంపు మీటరులో ముల్లు కొంచెం కొంచెంగా దిగుతోంది, అంటే ఎక్కడో కారుతోంది. ఇంజన్ చుట్టూ టార్చి వేసి చూస్తే అంతా పొడి. ఆయన లేచి, నా భార్యను దిగమని, ఆమె కాళ్ళ కింది పట్టా పైకెత్తాడు. కింద పచ్చటి నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి.

"హీటర్" అన్నాడు. డ్యాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటర్ లాంటిది ఉంటుందట. ఇంజన్ వేడినీళ్ళు దాంట్లోకి వచ్చి పోతాయి. అది చిల్లిపడింది.

"మా ఊళ్ళో ఎండకే తట్టుకోలేం, హీటర్ ఎవరు వేస్తారు? మీ హోసూరువాళ్ళకే ఈ రోగం. మీ మెకానిక్‌కు తెలిసే ఉండాలే" అన్నాడు. హీటర్‌కు నీళ్ళు పోకుండా రెండు గొట్టాలూ ఒకదానికొకటి కలిపేశాడు. "ఊరికి చేరతారు. మార్చాలంటే డ్యాష్‌బోర్డు అంతా విప్పాల. రెండు రోజుల పని."

తిరిగి వచ్చేటప్పుడు హోసూరు దగ్గరపడ్డాక ఆమె అంది, "నా మాట మీరు వినకపోతే పోనీ. మన షెడ్డు ఆయప్పతో పట్టా తడిగా ఉందని ఒక మాట అనుంటే, ఆడే పట్టుకునుంటాడు."

పేపర్లు నాలుగూ చూపించాను కాని, ఆ ఒక్క మాట చెప్పలేదు. నా కథకు అది అక్కర్లేదనిపించింది.

మరుసటి రోజు షెడ్డుకు పోయాను. అతనొక్కడే ఉన్నాడు. జరిగినదంతా చెప్పి, తప్పు నాదే, క్షమించమన్నాను. అతను బానెట్ ఎత్తి కృష్ణగిరి పెద్దాయన కలిపిన గొట్టాలు చూశాడు. "బాగా చేసినాడు" అన్నాడు. బానెట్ దించి, "అన్నా, ఆ పొద్దు వ్యాన్ల ఆయప్ప ముందర అన్న మాట. ఈ పొద్దు ఎవురూ లేనప్పుడు వెనక్కి తీసుకుంటే ఏం లాభం?" అన్నాడు.

వ్యాన్ల పని అతనికి రాలేదని అప్పుడు తెలిసింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ గుంటూరాయన్ని పట్టుకున్నాను. మర్యాదగానే విన్నాడు. "మీరు పెద్దవారు, పేపర్లో పనిచేసినవారు, ఊరికే అనరు కదా అనుకున్నానండీ. పైవాళ్ళకూ అదే చెప్పాను. పని వేరేవాళ్ళకు ఇచ్చేశాం. ఇప్పుడు పోయి కాదంటే, నన్నే అడుగుతారు" అన్నాడు. మొదటి పేజీ వార్తకు లోపలి పేజీలో మూడు లైన్ల సవరణ వేసి చేతులు దులుపుకోవడం మాకు అలవాటు. ఇక్కడ ఆ మూడు లైన్లకు కూడా చోటు దొరకలేదు.

మెకానిక్ కారు రెండు రోజులు ఉంచుకుని హీటర్ మార్చి ఇచ్చాడు. ఇప్పటికీ అక్కడికే పోతాను. పోయిన నెల పోతే, కొత్తాయన ఒకడు తన కారు పక్కన నిలబడి ఉన్నాడు. నేను అతని దగ్గరకు పోయి, ఈ మెకానిక్ చాలా నిజాయితీపరుడు, ఒక పాత గ్యాస్కెట్ విషయంలో నేనే పొరబాటుగా ఏమన్నానంటే, అని మొదలుపెట్టాను.

కారు కింద నుంచి మెకానిక్ గొంతు వినబడింది. "వద్దన్నా, ఇడిసిపెట్టు. నువ్వు అట్ల చెప్పే కొద్దీ ఆయప్పకు లేని అనుమానం వస్తాది."

కొత్తాయన నా వైపు ఒకసారి చూసి, కొంచెం దూరంగా జరిగి నిలబడ్డాడు.