పంచనామాలో కొర్రమట్ట

సర్కారు ఇళ్ల జాబితాలో మా బాపు పేరు వచ్చిన రోజు నేను జనగామలోని మా బడిలో ఏడో తరగతి పిల్లలకు చెరువుల పాఠం చెబుతున్నాను. చెరువు శికంలో ఇళ్లు కట్టకూడదు, నీళ్లు నిలిచే జాగ నీళ్లకే వదలాలి అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. అప్పుడే ఫోన్ మోగింది. వరండాలోకి వెళ్లి ఎత్తితే అవతల బాపు మాట్లాడడం లేదు, అరుస్తున్నాడు.

"వచ్చింది బిడ్డా! మనకు ఇల్లొచ్చింది! స్లాబు ఇల్లు!"

నాకు ఆగలేదు. పంతులమ్మనన్న సంగతి మరిచిపోయి వరండాలోనే ఒక గెంతు గెంతాను. కిటికీలోంచి చూసిన పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకో వాళ్లకు తెలియదు, అయినా కొట్టారు.

మాది మహబూబాబాద్ జిల్లా గూడూరు పక్కన అడవి అంచున ఉన్న ఊరు. చెరువు కట్టకు ఎదురొడ్డున, నీళ్లు పరుచుకునే వైపు, మా మట్టిగోడల పెంకుటిల్లు ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానంటే, మా బాపుది అగ్గి మీద నిలబడ్డ తొందర. పెళ్లికి పిలిస్తే వంటవాళ్ల కంటే ముందు వెళ్లి కూర్చునే మనిషి. జాబితా వచ్చిన మర్నాడు తెల్లారేసరికి గడ్డపార పట్టుకుని పాత ఇల్లు కూల్చేశాడు. "మంజూరు కాగితం చేతికి రానియ్యి" అని అమ్మ మొత్తుకునేలోపే సగం గోడ నేలమీదుంది. సామానంతా తీసుకెళ్లి పెరట్లో రేకుల షెడ్డు కింద పెట్టారు. అమ్మ, బాపు, అవ్వ అందులోకి మారారు. అవ్వ అంటే బాపు తల్లి. బాపు పిలుపు విని నేనూ ఆమెను అవ్వనే అంటాను.

అంతటితో ఆగితే ఆయన మా బాపు ఎందుకవుతాడు? మహబూబాబాద్ వెళ్లి చిలకలు, తామరపూలు చెక్కిన టేకు దర్వాజ కొని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. పునాది లేదు, గోడ లేదు, ముగ్గు కూడా పోయలేదు. ఖాళీ జాగ నడుమ రెండు గుంజలు పాతి ఆ దర్వాజను నిలబెట్టాడు. నేను శనివారం రైలు దిగి, బస్సెక్కి, ఆటో పట్టుకుని ఇంటికి చేరేసరికి మా వాళ్లంతా అందులోంచే రాకపోకలు సాగిస్తున్నారు. నేను అలవాటుగా పక్కనుంచి నడిచి వస్తుంటే అమ్మ చాయ్ గ్లాసుతో అడ్డం నిలబడింది.

"దర్వాజ ఉండంగ పక్క నుంచి వచ్చుడేంది? తిరిగి పోయి సక్కగ రా."

వెనక్కి వెళ్లి, కుడికాలు ముందు పెట్టి, దర్వాజలోంచి వచ్చి చాయ్ తాగాను. అవ్వ గడప మీద కూర్చుని పక్కనే కాస్త జాగ ఇచ్చింది. ఇద్దరం అక్కడే కూర్చుని లేని ఇంటికి ఏ రంగు వేయాలో పోట్లాడుకున్నాం. అవ్వ గులాబీ అంది, నేను ఆకుపచ్చ అన్నాను. ఆ సాయంత్రం మేమున్నంత సంబరంగా ఆ మండలంలో ఎవరూ ఉండి ఉండరు.

ఆ సంబరంలో బడికి రెండు రోజులు సెలవు పెట్టి ఉండిపోయాను. సోమవారం పంచాయతీ కార్యదర్శి మేడం వచ్చి అసలు సంగతి చెప్పింది. ఇంటి డబ్బు పునాదికి ఒకసారి, గోడలకు ఒకసారి, స్లాబుకు ఒకసారి విడతలుగా వస్తుంది. మొదటి విడత రావాలంటే రెండు కాగితాలు కావాలి. జాగ అడవిది కాదని ఒకటి, చెరువుది కాదని ఒకటి. అడవివాళ్ల కాగితం వచ్చేసింది, ఎందుకంటే మా జాగలో చెట్టంటే ఒక్క మునగచెట్టే. రెండోదానికి నీటిపారుదల ఇంజినీరు వచ్చి చూడాలి. శికం హద్దురాళ్లు పూడిక తీసినప్పుడు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. అందుకని ఊరి పెద్దలను అడిగి, వాళ్లు చెప్పింది పంచనామాగా రాసి సంతకాలు తీసుకుంటారట.

"ఏం లేదక్కా, నీళ్లు గింత దూరం రావని చెప్తే సరిపోతది" అంది మేడం. నేను తలూపాను. అంత తేలిక పని మా ఊళ్లో ఎంత కష్టమో నాకు ఆ క్షణం తట్టలేదు.

మా ఊళ్లో మనిషిని ఏమన్నా పడతారు గానీ చెరువును చిన్నదంటే పడరు. పొరుగూరివాళ్లు మా చెరువును కుంట అన్నందుకు రెండు ఊళ్ల మధ్య మాటలు బంద్ అయ్యాయి. ఇక మా అవ్వకైతే చెరువు గురించి ఒక ముచ్చట ఉంది. అది నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను, బాపు పుట్టినప్పటి నుంచి వింటున్నాడు.

ఇంజినీరు సారు మంగళవారం వచ్చాడు. నెమ్మదైన మనిషి, చేతిలో అట్ట, జేబులో రెండు పెన్నులు. ఎండకు చెరువు అడుగంటి ఉంది. ఊరి పెద్దలు నలుగురు వచ్చి మునగచెట్టు కింద కూర్చున్నారు. సారు అందరికంటే వయసున్న మనిషి ఎవరని చూసి, దర్వాజలో కూర్చున్న అవ్వ వైపు తిరిగాడు.

"అవ్వా, మీ చెరువు నిండితే నీళ్లు ఎక్కడి దాక వస్తయి?"

అప్పుడు అర్థమైంది నాకు. గొంతు సవరించాను, కళ్లతో సైగ చేశాను, ఆఖరికి దగ్గాను. అవ్వ నన్ను చూడనే లేదు. జన్మలో ఒక్క సర్కారు మనిషి కూడా ఆమెను ఆ ప్రశ్న అడగలేదు.

"గట్లడుగు సారూ! గీ చెరువును ఏమనుకున్నవు? నేను పెండ్లై వచ్చిన ఏడు చెరువు నిండి మత్తడి దుంకింది. నీళ్లు గిక్కడికి, మా గడప కాడికి వచ్చినయి. పొద్దుగాల తలుపు తీస్తే వాకిట్ల కొర్రమట్ట చేప! గింత పొడుగు! కొంగుతోని పట్టిన!"

సారు రాసుకున్నాడు. "మీరెవరన్న చూసిండ్రా?" అని పెద్దలను అడిగాడు.

"నా కండ్లతోని చూసిన సారు" అన్నాడు ఒకాయన. అవ్వ పెళ్లైన పదేళ్లకు పుట్టినవాడాయన. "ఒకటి కాదు, రెండు చేపలు" అన్నాడు ఇంకొకాయన. గుట్ట మీద ఇల్లున్న మూడో ఆయన, తన ఇంట్లోకీ జెల్ల చేపలు వచ్చాయన్నాడు. మిగిలిన ఒక్కాయన అంతకు మించింది దొరకక, "మా చెరువు సముద్రమే సారు" అని ముగించాడు. వీళ్లందరినీ మించి మా బాపు ఛాతీ విరుచుకుని, "మా అవ్వ అబద్ధమాడదు సారు" అన్నాడు.

సారు మొత్తం చదివి వినిపించాడు. అందరూ గర్వంగా సంతకాలు పెట్టారు. అవ్వ వేలిముద్ర వేసింది. పెన్ను జేబులో పెట్టుకుని సారు నిదానంగా అన్నాడు.

"అయితే నీ జాగ చెరువుల వడ్డట్టే కదనే అన్నా. గిక్కడ ఇల్లు కట్టనియ్యరు."

దర్వాజలోంచి చాయ్ తెస్తున్న అమ్మ గడప మీదే ఆగిపోయింది. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, కడుపు పట్టుకుని నవ్వాను. ఉన్న ఇల్లు కూలగొట్టుకుని, రావాల్సిన ఇంటిని మా నోటితో మేమే చెరువులో ముంచుకున్నాం. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటుంటే బోర్డు మీద నేను గీసిన రెండు గీతలు గుర్తొచ్చాయి. ఆ నియమం మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. అది నా ఇంటి మీదికి వస్తుందని మాత్రం అనుకోలేదు.

సారు చెడ్డవాడు కాదు. "వానకాలం చెరువు నిండినంక మళ్ల వస్త. నీళ్లు ఎక్కడ ఆగితే గక్కడ రాస్త" అన్నాడు. ఆ వానాకాలం దాటితే మాత్రం ఇల్లు జాబితాలో తర్వాతివాళ్లకు పోతుందని కార్యదర్శి మేడం చెప్పింది.

ఆ పొద్దు బాపు అవ్వను బతిమాలాడు. "అవ్వా, నీళ్లు రాలేదని ఒక్క మాట చెప్పరాదే. నీ కాళ్లు మొక్కుత." అవ్వ మూతి ముడుచుకుంది. "ఇల్లు రాకుంటే రాకపాయె. నా చేప ముచ్చట జోలికి రాకుండ్రి" అని గోడవైపు, అంటే రేకు వైపు, తిరిగి కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. ముసలితనంలో ఇంత పంతమేమిటని నాలుగు మాటలు అన్నాను కూడా. ఆమె నన్ను తిట్టలేదు. అదే నాకు వింతగా అనిపించింది.

తొలకరి పడింది, నాట్లు పడ్డాయి, షెడ్డు రేకులు వాన మోతకు మాట వినపడనివ్వలేదు. ఒకరోజు పొద్దున్నే బాపు ఫోన్ చేసి, ఈసారి మెల్లగా, భయంగా అన్నాడు. "మత్తడి దుంకుతున్నది బిడ్డా. సారు వస్తున్నడు." బడికి సెలవు చెప్పి మొదటి రైలు ఎక్కాను.

మత్తడి దుంకిన రోజు, అంటే చెరువు నిండి అలుగు పారిన రోజు, మా ఊరు ఊరులా ఉండదు. డప్పులు మోగుతున్నాయి. ఆడవాళ్లు పసుపు కుంకుమలు పట్టుకుని నీళ్ల అంచుకు వెళ్లి, నీరు ఆగిన చోట చల్లి మొక్కుతున్నారు. ఈసారి ఆ అంచు వెంటే సారు టేపు పట్టుకుని నడుస్తున్నాడు, ఆయన వెనక బాపు, బాపు వెనక ఊరంతా. నీళ్లు మా మొక్కజొన్న చేను కిందికొసన ఆగి ఉన్నాయి. ఇంటి జాగకు, నీళ్లకు నడుమ చేనుకు చేను పొడిగా ఉంది. సారు కొలిచి, మత్తడిని చూసి, "ఇంతకు మించి రావు, వచ్చినా మత్తడి మీదికెల్లి పోతయి" అన్నాడు. బాపు ఒక్క అరుపు అరిచి మొక్కజొన్నలోకి పరిగెత్తాడు. ఎందుకు పరిగెత్తాడో ఆయనకూ తెలియదు. నేను వెనక పరిగెత్తాను. గుట్ట మీది పెద్దాయన ఒక్కడే నీళ్లను చూసి నిట్టూర్చాడు.

"జరంత ముంగటికొస్తే మంచిగుండు."

అమ్మ చూసిన చూపుకు ఆయన వెళ్లి డప్పుల వెనక నిలబడ్డాడు.

కానీ పని పూర్తి కాలేదు. "నీళ్లు ఒక తీరు చెప్తున్నయి, పంచనామా ఒక తీరు చెప్తున్నది. రెండు కలవకుంటే పై ఆఫీసుల ఫైలు ఆగుతది. అవ్వ మాట ఒక్కటి కావాలె" అన్నాడు సారు. అందరం ఇంటికొచ్చాం. అవ్వ దర్వాజ గడప మీద కూర్చుని ఉంది. మత్తడి చూడ్డానికి ఆమె రాలేదు. సారు ఆమె ముందు నేల మీదే కూర్చున్నాడు. బాపు చేతులు జోడించాడు. అవ్వ అందరినీ, వెనక వానకు తడిసిన రేకుల షెడ్డునూ ఒకసారి చూసి, ఫక్కున నవ్వింది.

"నీళ్లు రాలే సారు. చేప వచ్చింది గని నీళ్లు రాలే."

అవ్వ గడప మీద సర్దుకుని కూర్చుంది.

"నా తల్లిగారూరు కాటారం దిక్కు. గప్పుడు బస్సులున్నయా, ఫోన్లున్నయా? నన్ను గన్న మా అవ్వ యాదికొచ్చి వారం దినాలు ఒక్కతీరు ఏడ్చిన. ఊరంత మత్తడి చూడ పోయింది, నేను పోలే. తెల్లారి తలుపు తీస్తే వాకిట్ల వాన నీళ్లు నిలిచిన గుంటల కొర్రమట్ట ఎగురుతున్నది. మా ఇంటాయన పక్కకు నిలవడి ఏమన్నడెరికేనా? కొత్త కోడలు తన కాడికి రాలేదని చెరువే చూడొచ్చింది అన్నడు. నవ్వాగలే నాకు."

"నీళ్లు రాంది చేప ఎట్లొస్తది? మరి తాతనే తెచ్చిండని నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"గప్పుడే. కడుగుతుంటే మొప్ప కాడ తాడు అచ్చు కనవడ్డది."

"అడగలేదా?"

"ఎందుకడుగుత? మస్తు సంబురంగ ఉండె. నేను నలుగురికి చెప్తుంటే మీసాలల్ల నవ్వుకునేటోడు. నాకు ఎరుకేనని సచ్చేదాక తెల్వది గాయనకు."

బాపు మునగచెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు. వేసవిలో ఆమెను నాలుగు మాటలు అన్న నేను వెళ్లి గడప మీద ఆమె పక్కన కూర్చున్నాను. సారు కాగితం తీసి, భర్త అబద్ధం చెప్పాడని, నీళ్లు రాలేదని రాసి చదివాడు. అవ్వ బొటనవేలు వెనక్కి తీసుకుంది.

"ఉత్తగ అబద్ధమాడిండని రాస్తే మంచిగుండది సారు. నన్ను నవ్వించనీకె ఆడిండని రాయి."

"ఫైలుల గది పట్టదవ్వా."

"పట్టకుంటే ముద్ర వెయ్య."

ఇప్పుడు ఆ జాగలో స్లాబు ఇల్లుంది. దర్వాజ గోడలో కుదురుకుంది, రంగు గులాబీనే. చుట్టాలొస్తే అవ్వ మళ్లీ గడప మీద కూర్చుని నీళ్లు ఇక్కడి దాకా వచ్చాయని చెబుతుంది, అమ్మ వెంటనే బయటికొచ్చి ఆఫీసరెవరైనా ఉన్నాడేమోనని చూస్తుంది. ఇంటి కాగితాల సంచిలో ఆ రెండో పంచనామా నకలు ఉంది. వెళ్లినప్పుడల్లా తీసి చదువుతాను. సారు తన ఆఫీసు భాషలో ఇలా రాశాడు: "చెరువు నీరు సదరు స్థలమునకు ఎన్నడును రాలేదనియు, సదరు చేపను అర్జీదారు తండ్రియే వాకిట విడిచినాడనియు, అది కేవలము నూతన వధువును నవ్వించు నిమిత్తము జరిగినదనియు, ఆమె నవ్వినదనియు తెలియవచ్చినది." దాని కింద అవ్వ వేలిముద్ర ఉంది.