మా ఊరి ఘాటు

మా అమ్మాయికి ఆరేళ్లు నిండేసరికి నాకొక విద్య పట్టుబడింది. వంటింట్లో కుక్కర్ కూస్తున్నా, పక్కింట్లో టీవీ మోగుతున్నా, మధ్యగదిలో పడుకున్న దాని ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయో లేదో చెప్పేసేదాన్ని. చాలాసార్లు డాక్టరు స్టెతస్కోపు కంటే ముందే చెప్పాను. ఇది గొప్ప కోసం చెప్పుకునే విద్య కాదు. భయం నేర్పిన విద్య.

నరసరావుపేటలో మా ఇల్లు మార్కెట్ వెనక సందులో. ఆ సందులో సగం మిరపకాయల కమీషన్ కొట్లే. సీజన్ వచ్చిందంటే సందు మొగలో లారీలు నిలబడతాయి, టిక్కీలు దిగుతూ ఎక్కుతూ ఉంటాయి. టిక్కీ అంటే మిరపకాయలు కూరి కుట్టిన బస్తా. ఆ నాలుగు నెలలూ ఊరికి పండగ. నా పిల్లకు మాత్రం రాత్రిళ్లు దిండుకు ఆనుకుని కూర్చుని ఊపిరి కోసం పాకులాడే కాలం. "మందులు నేను రాస్తానమ్మా, గాలి మీరే మార్చుకోవాలి" అన్నాడు డాక్టరు. మా ఆయన ఆఫీసులో కాళ్లరిగేలా తిరిగి తిరుపతికి బదిలీ చేయించుకున్నాడు. ముందు తను వెళ్లి జాయినై, ఇల్లు చూశాడు.

నాకు వెళ్లాలని లేదు. నేను పుట్టింది ఆ ఊళ్లోనే, చదివింది ఆ ఊళ్లోనే, పోట్లాడి పెళ్లి చేసుకున్నదీ ఆ ఊళ్లోవాణ్ణే. కానీ పిల్ల ఊపిరి ముందు నా ఇష్టం ఎంత?

ఇల్లు మారదామంటే సామాను ఎక్కించే మనిషి దొరకలేదు. ఫోన్‌లో కనిపించే ప్యాకర్లు విజయవాడ నుంచి రావాలి, ఈ వారం బండి లేదన్నారు. మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీల ముఠా మేస్త్రిని అడిగితే నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"సీజన్లో ఇల్లు మారేదేందమ్మా? కోల్డ్ స్టోరేజీల కాడ లారీలు బారులు తీరి ఉంటే నీ మంచాలు మోసేదెవరు? ఉగాది పోనీ, చూద్దాం."

"ఉగాది దాకా నా పిల్ల తట్టుకోవద్దూ?" అని అరిచాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు అంత మంచిది కాదు. మేస్త్రి మళ్లీ నా ఫోన్ ఎత్తలేదు.

అప్పుడు ఎదురింటి బాబాయి వచ్చాడు. చుట్టం కాదు, సందులో అందరికీ బాబాయే. ఆయనదీ మిర్చి కమీషన్ కొట్టే. "ఎందుకమ్మాయ్ అట్టా ఊరి మీద పడతావు? మా లారీ మదనపల్లె పోద్ది టమాటాకి. ఖాళీగానే పోద్ది. తిరుపతిలో నీ సామాను దించేసి అట్టా వెళ్లిద్ది. ఎక్కించడానికి మా కొట్టు ముఠా వాళ్లున్నారుగా" అన్నాడు. ఆ మాటకి ఆయన కాళ్ల మీద పడబోయాను. నిజంగానే.

ఇంట్లో దుమ్ము లేస్తుందని మా ఆయన వచ్చి పిల్లను ముందే తిరుపతి తీసుకుపోయాడు. ఆ రాత్రి ఫోన్ చేసి "పడుకుంది. కూతల్లేవు" అన్నాడు. మర్నాడు కూడా అదే మాట. నేను ఖాళీ అవుతున్న ఇంట్లో కూర్చుని ఏడ్చాను. పిల్ల నాతో మాట్లాడింది ఒక్కటే: "అమ్మా, నా దిండు తెస్తావుగా?" దానికో చిన్న బూరుగుదూది దిండు ఉంది. అది లేకపోతే నిద్ర పట్టదు. మర్చిపోయి వెళ్లారు.

ముఠా వాళ్లు నలుగురొచ్చారు. వస్తూ వస్తూ టిక్కీలు లాగే ఇనప కొక్కేలతో వచ్చారు.

"అవి గేటు బయట పెట్టండి. ఇవి సోఫాలు, బస్తాలు కాదు" అన్నాను.

"అలవాటమ్మా, చేతిలో అది లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టుంటది" అన్నాడొకడు, నవ్వుతూ.

మనుషులు మొరటే గానీ పని మొరటు కాదు. బీరువాను ఒక్కడే వీపున వేసుకుని మెట్లు దిగుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. గోడకు తగలకుండా దింపాడు. ఎదురుగా నిలబడి చూస్తున్న బాబాయి లోపలికి కేకేశాడు: "ఒరేయ్, మన గోతాలు తెచ్చి అన్నిటికీ చుట్టండి. ఒక్క గీత పడిందంటే ఊరుకోను. మా అమ్మాయి సామాను."

కొట్లోంచి ఖాళీ గోనె సంచుల కట్టలు వచ్చాయి. అవి నిన్నటిదాకా మిరపకాయలు మోసిన సంచులని నాకు తెలియక కాదు. కళ్లముందే దులిపారు. కానీ అది ఒక సంగతిగా నా బుర్రకు తట్టలేదు, అక్కడున్న ఒక్కరికీ తట్టలేదు. ఆ ఘాటులో పుట్టి పెరిగినవాళ్లకు అది ఘాటు కాదు, ఉత్త గాలి. అద్దాలకు చుట్టారు, మంచం కోళ్లకు చుట్టారు, పరుపుల కింద పరిచి పైన కప్పారు. పిల్ల పక్క, దుప్పట్లు, ఆ దిండు కలిపి నేనే ఒక మూట కట్టించాను. "లారీ తుక్కు తగులుతుంది, దానికి ఇంకో గోతం వెయ్యండి" అని దగ్గరుండి చెప్పాను. ముందెక్కించింది ఆఖర్న దిగుతుంది కనుక, ఆ మూటను అన్నిటికంటే ఆఖర్న పెట్టించాను. లారీ తలుపు తెరవగానే చేతికి రావాలి, పిల్ల దిండు పిల్లకు అందాలి.

లారీ వెళ్లాక నేను బస్సెక్కాను. తెల్లవారి తిరుపతిలో దిగాను. ముగ్గురం కలిసి పాలు పొంగించాం. పిల్ల నా నడుం పట్టుకుని వదల్లేదు. దాని వీపు మీద చెయ్యి వేసి విన్నాను. నిశ్శబ్దం. ఇంత తేలిగ్గా ఉంటుందా ఒక పిల్ల వీపు అనుకున్నాను.

ఎండ ముదిరాక లారీ వచ్చింది. మా ఆయన సెంటర్లో మాట్లాడిపెట్టిన దింపుడు కూలీలు నలుగురు అప్పటికే గేటు దగ్గరున్నారు. మాది మేడ మీద వాటా. కింద ఇంటి ఓనరమ్మ ఉంటుంది. లారీ వెనక తలుపు తియ్యగానే నేను ఆ మూట చూపించి, "ముందు ఇది పైన ఇచ్చిరా అన్నా, పాపది" అన్నాను. ఒకతను భుజాన వేసుకుని పైకి వెళ్లాడు. వస్తూ వస్తూ రెండు తుమ్ములు తుమ్మాడు. నేను పట్టించుకోలేదు.

మిగిలినవాళ్లు టార్పాలిన్ లాగారు. రాత్రంతా మూసి ఉన్న వేడి ఒక్కసారిగా బయటికి వచ్చింది. ఒకడు దగ్గాడు. ఇంకొకడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచాడు. వరసగా అందరూ తుమ్ముతూ రోడ్డు అవతలికి పోయి నిలబడ్డారు.

"ఇది మిరపకాయల బండి గదా మా? కండ్లు మండుతుండాయి. మా వల్ల గాదు."

నాకు ఒళ్లు మండింది. ఇదొక ఎత్తు, ఎక్కువ అడగడానికి వేసిన వేషం అనుకున్నాను. "ఘాటా? ఎక్కడుంది ఘాటు? నాకు రావట్లేదే!" అన్నాను. మా డ్రైవరును పిలిచాను. అతనిది మా వైపే, ఈపూరు దగ్గర పల్లె. "నీకేమన్నా వస్తందా?" అని అడిగాను. అతను లారీలోకి తలపెట్టి నిండా పీల్చి, "ఏం లేదక్కా. వీళ్లకేందో అయింది. తొందరగా కానియ్యమనండి, సాయంత్రానికి నేను టమాటా లోడు కాడ ఉండాలి" అన్నాడు. మా ఇద్దరి ముక్కులు ఒకవైపు, తిరుపతి ముక్కులన్నీ ఒకవైపు. నేను పట్టు వదల్లేదు. మగాళ్లు కారు, పని దొంగలు, ఒప్పుకున్న పని మధ్యలో వదిలేస్తారా అని వీధి వినేలా తిట్టాను.

వాళ్లలో పెద్దాయన రోడ్డు దాటాడు. లారీ దగ్గరికొచ్చి, చేతికందిన గోతం ఒకటి లాగి, రోడ్డు మీద విదిలించాడు. ఎండలో ఎర్రటి పొడి లేచింది. తారు మీద పసుప్పచ్చటి మిరపగింజలు రాలాయి.

"ఇదేందిమా మరి?"

ఆ గింజల్ని చూస్తూ నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది ఆ మూట. రెండు గోతాలు చుట్టించిన మూట. తల పైకెత్తేలోపే బాల్కనీలోంచి మా ఆయన కేక వినిపించింది. నా పేరు కాదు, మాట కూడా కాదు, ఉత్త కేక.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. గదిలో చాప మీద పక్క పరిచి ఉంది. పిల్ల దాని మీద మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని ముందుకి వంగి కూర్చుంది. ఒళ్లో ఆ దిండు. గొంతు కింద గుంట లోపలికి పోతూ వస్తూ ఉంది. కూతలు లేవు. అంతగా బిగుసుకుపోయినప్పుడు కూతలు కూడా రావు. అది నాకు తెలుసు. ఇన్నేళ్లు నేను విన్న ఏ చప్పుడూ ఆ నిశ్శబ్దమంత భయపెట్టలేదు.

దిండు లాగి బాల్కనీలోంచి విసిరేశాను. పక్క మొత్తం విసిరేశాను. మా ఆయన మందు పీల్పించే గాలి మిషను పెట్టి మాస్కు దాని మొహానికి ఆనించాడు. నేను కూర్చుని దాన్ని ఒళ్లోకి తీసుకోబోయాను. అది దగ్గుతూ నా ఛాతీ మీద చెయ్యి పెట్టి తోసింది. మాస్కు పక్కకి తప్పించి, మాట మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ అంది:

"నువ్వు... రామాకమ్మా. దగ్గరికి... రామాక."

లారీ పక్కన నిలబడి వచ్చినదాన్ని నేను. నా చీర, నా జుట్టు, అన్నీ అవే గోతాలు. లేచి గుమ్మం బయటికి వెళ్లాను. నా పిల్ల ఊపిరాడక కొట్టుకుంటుంటే నేను దూరంగా ఉండటమే దానికి మందు. ఇంతకంటే శిక్ష ఏ తల్లికీ వద్దు. ఓనరమ్మ పైకొచ్చి లోపల కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపింది. గోడకి ఆనుకుని మిషను గుర్రుమనే చప్పుడు వింటూ నిలబడ్డాను. చాలాసేపటికి ఆ చప్పుడు వెనక సన్నగా కూత వినిపించింది. గాలి కదులుతోందన్నమాట. జన్మలో మొదటిసారి పిల్లికూత విని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

పిల్ల తేరుకుందని మా ఆయన సైగ చేశాక కిందికి దిగాను. కూలీలు వెళ్లిపోయి ఉంటారనుకున్నాను. వెళ్లలేదు. పెద్దాయన "పాపకెట్లుంది మా?" అని అడిగాడు. పరవాలేదన్నట్టు చెయ్యి ఊపాను. తడి తువ్వాళ్లు మూతులకు కట్టుకుని వాళ్లు పని మొదలుపెట్టారు. నేను తిట్టిన తిట్లకి వాళ్లు ఒక్క మాట తిరిగి అనలేదు. అని ఉంటే కాస్త తేలికపడేదాన్ని.

లారీలోకి నేనే ఎక్కాను. గోతాలన్నీ నా చేత్తోనే ఊడదీశాను. ఏ సామానూ ఇంట్లోకి పోనివ్వలేదు. పక్కనున్న ఖాళీ స్థలంలో దింపించి, బీరువా, మంచాలు, గిన్నెలు పైపుతో కడిగించాను. పరుపులు, గుడ్డ సోఫా ఇంట్లోకి వచ్చే ఆశ వదులుకున్నాను. డ్రైవరు గోతాలు మడిచి లారీలో వేసుకుని హారన్ కొడుతూ వెళ్లిపోయాడు.

సాయంత్రం బాబాయి ఫోన్ చేశాడు. "సామాను బాగా చేరిందా అమ్మాయ్? ఒక్క గీతన్నా పడిందా?"

"ఒక్క గీత కూడా పడలేదు బాబాయ్" అన్నాను. ఆయన చాలా సంతోషించాడు.

మూడుసార్లు తలంటుకున్నాను. ఓనరమ్మ చీర కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడితే, పిల్ల లోపల్నుంచి ముక్కు ఎగబీల్చి, "ఇంకా వస్తందమ్మా. మన ఊరి వాసన" అంది. నిజంగా వస్తోందో, భయపడ్డ పిల్లకి అనిపిస్తోందో నాకు తెలియదు. వాసన చూద్దామంటే నా ముక్కు నాకు చెప్పదు, మా ఆయన ముక్కూ చెప్పదు. నా జుట్టు నడుం దాటి ఉండేది. అది ఆరేదాకా బయట మెట్ల మీదే కూర్చున్నాను. పిల్ల తండ్రి పక్కన పడుకుంది.

తెల్లవారగానే బస్సెక్కి కొండకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నా తల నున్నగా, చల్లగా, గంధం రాసి ఉంది. ఓనరమ్మ గేటు దగ్గర ఆగి, "ఏం మొక్కు మా?" అని అడిగింది. పాప కోసం మొక్కుకున్నానన్నాను. మొక్కేమీ లేదు. ఇంకొక్క పూట నా పిల్ల నన్ను దూరం పెడితే తట్టుకోలేననే వెళ్లాను.

పిల్ల నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు. తర్వాత పకపకా నవ్వింది. గుమ్మంలోనే కూర్చుని తల వంచాను. భయంభయంగా దగ్గరికొచ్చింది. వేలితో తాకింది. తర్వాత నా గుండు మీద ముక్కు ఆనించి పొడుగ్గా, కడుపు నిండా గాలి పీల్చింది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఎక్కడా ఒక్క కూత లేదు.

"ఏ ఊరి వాసనా లేదమ్మా నీకు" అంది, నా ఒళ్లో కూర్చుంటూ.