ఆరో అంతస్తుకి తాళం చెవి

బర్మాలో, చౌక్తడా పేటలో మేముండే పాత మేడలో అంతస్తుకొకటి చొప్పున ఇళ్ళు ఆరు. గేటు తాళం చెవులు మాత్రం ఐదు.

కరోనా వచ్చి ఏడాదిపాటు తలుపులేసుకుని కూర్చున్నాం. అది పూర్తిగా పోకముందే సైన్యం గద్దెనెక్కింది, జనం వీధుల్లోకొచ్చారు, సోదాలు మొదలయ్యాయి. దాంతో మెట్ల కింద ఇనప గేటుకి గొలుసు చుట్టి తాళం వెయ్యాలని మేడ కమిటీ తీర్మానించింది. కమిటీ అంటే మొదటి అంతస్తు పెద్దాయన. మనవాడే. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ బట్టల కొట్టు పెట్టాడు. మా తాత కూడా అటువైపు నుంచే వచ్చి రేవులో మూటలు మోశాడు. ఆ తేడా ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు, నన్ను మర్చిపోనివ్వలేదు.

ఆరో చెవి ఎందుకు చేయించలేదో చెప్పనక్కర్లేదనుకున్నాడాయన. మేమూ అడగనక్కర్లేదనుకున్నాం. ఆరో అంతస్తులో అద్దెకుండేది ఒక ముస్లిం ఆమె, బడి మూతపడి ఇంట్లో కూర్చున్న కూతురు. మగదిక్కు లేదు. ఆమెకి నది అవతల తన్లిన్‌లో బట్టల ఫ్యాక్టరీలో కుట్టు పని. ఫ్యాక్టరీ బస్సుని ఇక్కడ ఫెర్రీ అంటాం. అది ఆరింటికి వీధి చివరకొస్తుంది, ఎవరైనా పరిగెత్తుకొస్తున్నారేమోనని చూడదు. మూడుసార్లు తప్పితే పనిలోంచి పేరు కొట్టేస్తారు. అప్పటికే ఒకసారి తప్పింది. అంచేత రోజూ ఐదున్నరకి దిగొచ్చి మూడో అంతస్తులో నా తలుపు తట్టేది. నేను నిద్రమొహంతో కిందికి దిగి, తాళం తీసి, ఆమెని పంపి, మళ్ళీ వేసి, మోకాళ్ళు పట్టుకుని పైకెక్కేదాన్ని. ప్రతి మెట్టుకీ నా మంచితనం నాకే ముద్దొచ్చేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేడకి సమానత్వం వచ్చింది. తెచ్చింది రెండో అంతస్తు టీచరమ్మ. కరెన్ జాతి మనిషి. సైన్యం కింద పని చెయ్యనని ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంది. టీచరమ్మని ఇక్కడ సయామా అంటాం.

"వీధుల్లో పిల్లలు, ఇన్నాళ్ళూ పట్టించుకోని జాతులకి క్షమాపణ చెబుతూ అట్టలు పట్టుకుని నడుస్తున్నారు. మనం రోజుకో పేజీ అయినా నేర్చుకోవద్దా?" అంది.

నెట్ ఉన్న గంట ఉంటే లేని గంటలు పది. అందుకని ఒక నోటుపుస్తకం పెట్టింది. రోజుకో ఇంటివాళ్ళు జాతుల సంగతి ఒక పేజీ రాయాలి, మిగతావాళ్ళు చదవాలి. ఒకళ్ళింటికొకళ్ళు వెళ్ళే కాలం కాదు కాబట్టి పుస్తకం తాళ్ళ మీద తిరిగేది. ఇక్కడ ప్రతి వరండాకీ వీధిలోకి వేలాడే తాడొకటి ఉంటుంది, కూరలూ చేపలూ బుట్టలో పెట్టి లాక్కోడానికి. ఆ బుట్టల్లోనే సమానత్వం ఎక్కేది, దిగేది. అప్పుడప్పుడు ఎండుచేప వాసన వేసేది.

మొదటి పేజీ నేనే రాశాను. నిజానికి మూడు పేజీలు రాశాను. కాలేజీలో నాలుగేళ్ళు నా పేరు ఎవరూ పలకలేదు, 'కలామా' అనేవాళ్ళు. ఇండియా మొహం ఉన్న ఆడదాన్ని బర్మీస్‌లో తక్కువ చేసి పిలిచే మాట అది. ఐదో అంతస్తు చీనా దంపతులు వాళ్ళ అవమానాలు రాశారు. ఎవరి కన్నీళ్ళు ఎక్కువో తేల్చుకునే పోటీలా సాగింది. పెద్దాయన మాత్రం, ఈ రేవు కట్టింది తెలుగువాళ్ళేనని పేజీ నిండా రాసి కింద గీత గీశాడు. నెల తిరిగేసరికి అందరికీ అలవాటైపోయింది. పుస్తకం రావడం ఆలస్యమైతే టీ రుచించేది కాదు.

ఆరో అంతస్తు తాడు రోజూ మా అందరి వరండాల ముందునుంచే దిగేది. ఆ బుట్టలో పుస్తకం వెయ్యాలని ఒక్కరికీ తోచలేదు. సమానత్వం ఐదో అంతస్తు దాకా ఎక్కి, ఆయాసమొచ్చి అక్కణ్ణుంచే దిగిపోయేది.

రెండో నెలలో సయామా పద్ధతి మార్చింది. ఇకనుంచి మనకి జరిగింది కాదు, మనం ఇంకొకరికి చేసింది రాయాలంది. పుస్తకం అంత వేగంగా మేడంతా తిరిగి రావడం అదే మొదలు. ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ఖాళీ పేజీలు చూసి నాకు పౌరుషమొచ్చింది. కుల మత భేదం లేకుండా రోజూ తెల్లారగట్ల ఆరో అంతస్తు ఆమెకి గేటు తీస్తున్నానని రాశాను. కింద ఎర్ర సిరాతో సయామా ఒకటే వాక్యం రాసి పంపింది: "ఆమె దగ్గర చెవి ఎందుకు లేదు?"

దబదబా రెండో అంతస్తుకి దిగాను. "మీరు మాత్రం ఆమెకి ఈ పుస్తకం ఎప్పుడైనా పంపారా సయామా?"

ఆవిడ తలుపు సందులోంచి నన్ను చూసి, "లేదు" అంది. ఒప్పేసుకునే మనిషితో ఏం పోట్లాడతాం? పోట్లాట కోసం ఇంకో అంతస్తు దిగాను.

"ఏటమ్మా, పొద్దుగూకేల పంచాయితీ ఏటి?" అన్నాడు పెద్దాయన.

"ఆరో చెవి ఎందుకు చేయించలేదు బాబాయ్?"

"ఇచ్చీడానికి నాకేటి బాద? ఆల్లింటికి ఎవులొత్తారో, ఎవులెల్తారో! రేపు సోదాకొత్తే అందరం పోతాం."

"మన గురించి బర్మావోళ్ళు అనేదీ అదే కదా?"

"అది ఏరు. మనం ఈ రేవు కట్టినోలం."

"కట్టింది మా తాత బాబాయ్. మీ తాత పంచెలమ్మాడు."

ఆయన తలుపేసుకున్నాడు. వాదన నెగ్గి, చెవి లేకుండా పైకొచ్చి, విజయగర్వంతో పడుకున్నాను. మర్నాడు ఐదున్నరకి ఆమె తలుపు తడితే నాకు మెలకువ రాలేదు. ఫెర్రీ వెళ్ళిపోయింది. అది రెండోసారి. ఇంకొక్కసారి తప్పితే తల్లీకూతుళ్ళ తిండి ఆగిపోతుంది. నేను లేచి తలుపు తీసేసరికి ఆమె మెట్టు మీద కూర్చుని ఉంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

నా చెవి పట్టుకెళితే ఇంకోటి చేసిస్తారన్న సంగతి, ఇంత చదువు చదివిన నాకు, అప్పుడు తట్టింది. పేవ్‌మెంటు మీద గొడుగు కింద కూర్చుని తాళం చెవులు చేసే అతను పావుగంటలో అరగదీసి ఇచ్చాడు. కాగితంలో చుట్టి ఆరో అంతస్తుకెక్కి, ఆమె చేతిలో పెట్టి, కృతజ్ఞత కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

"అమా" అంది. అక్కా అని. "కింది ఆయనకి తెలుసా?"

"ఆయనకెందుకు? నువ్వు తీసుకో."

"అయితే నాకొద్దు. ఈ చెవితో పట్టుబడితే దొంగనంటారు. మీరేమో అక్క, నేనేమో దొంగ."

"ఇంకొక్కసారి ఫెర్రీ తప్పితే?"

"తప్పితే తప్పుతుంది" అంది. చెవి నా చేతిలో తిరిగి పెట్టేసింది.

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద అనుకున్నాను కానీ, ఒక అంతస్తు దిగేసరికే నా మీదేనని తెలిసింది. మళ్ళీ ఎక్కి, "ఆదివారం పదింటికి బజారు బుట్ట తీసుకుని గేటు దగ్గరికి రా" అన్నాను.

ఆదివారం పదింటికి పెద్దాయన ఎప్పటిలాగే గేటు లోపల మడతకుర్చీలో కూర్చుని, లుంగీ సర్దుకుంటూ రేడియో తిప్పుతున్నాడు. ఆయన ముందే కాగితం విప్పి చెవి ఆమెకిచ్చాను.

"బాబాయ్, ఇది ఆరో చెవి. చేయించింది నేను. సోదాకొస్తే నా పేరు చెప్పండి."

"కమిటీ ఒప్పుకోలేదు కదేటి!"

"కమిటీ కుర్చీలోనే ఉంది కదా, చూస్తోంది."

ఆమె చెవి తాళంలో పెట్టింది. కొత్త చెవి కదా, ఒకసారి పట్టేసింది. పెద్దాయన మొహంలోకి ఆశ వచ్చింది. రెండోసారి తిరిగింది. గొలుసు తీసి, బయటికెళ్ళి, ఊచల్లోంచి చెయ్యి పెట్టి మళ్ళీ తాళం వేసి, గుంజి చూసుకుని, బుట్టతో బజారు వైపు నడిచింది. వెనక్కి చూడలేదు.

"సూడు! మనల్ని లోపలెట్టి తాళం ఏసీసింది!" అన్నాడాయన లేచి నిలబడి.

"మీ దగ్గర చెవుంది కదా బాబాయ్."

లుంగీ మడత తడుముకున్నాడు. చెవి పైన ఇంట్లో ఉంది.

నాకూ బజారులో పనుంది. నా చెవితో గేటు తీసుకుని ఆమె వెనకే వెళ్ళాను. వెళుతూ తాళం వెయ్యడం మాత్రం మర్చిపోలేదు.