చీకటి గదిలో కొత్తల్లుడు

మా అమ్మమ్మకున్నంత చూపు ఈ భూమ్మీద ఇంకెవరికీ లేదు. ఆమె ముందు డేగ కూడా కళ్ళజోడు పెట్టుకోవలసిందే. మనవరాలిని కాబట్టి కోతలు కోస్తున్నాననుకోకండి, కంటి ఆస్పత్రి రికార్డులోనే ఉంది. అక్కడ ఏడాదికోసారి సిబ్బంది అందరికీ కళ్ళు పరీక్ష చేస్తారు. ఇరవై ఆరేళ్ళలో ఇరవై ఆరు సార్లూ అమ్మమ్మ చార్టులో ఆఖరి వరుస దాకా ఒక్క తప్పు లేకుండా చెప్పింది. ఆ వరుస దగ్గర డాక్టర్లే కళ్ళు చికిలించేవారు.

అమ్మమ్మ ఆ ఆస్పత్రిలో నేల తుడిచేది. ఆయమ్మ అనేవారు అందరూ. నేను అదే ఆస్పత్రి కింది అంతస్తులో, కళ్ళజోళ్ళ కొట్టులో ఫ్రేములు తుడుస్తాను. తొమ్మిదో తరగతిలో లెక్కలకూ నాకూ పడక బడి మానేస్తే అమ్మమ్మే తీసుకెళ్ళి పెట్టించింది. "చదువెలాగూ అంటలేదు, తుడవడమైనా వంటబట్టించుకో" అంది.

ఆమెకూ చదువు రాదు. చదువు రానివాళ్ళ కోసం ఆస్పత్రిలో వేరే చార్టు ఉంది. దానిమీద అక్షరాలకు బదులు మూడు పళ్ళ దువ్వెనల్లాంటి బొమ్మలుంటాయి. పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. పళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చెబితే చాలు. ఆ గదిలో నేల తుడుస్తూ రోజంతా వినీ వినీ అమ్మమ్మకు అదొక పాటైపోయింది. ఇంట్లో గిన్నెలు తోమేటప్పుడు కూడా "ఎడమ, పైన, కుడి, కుడి, కింద" అని గొణుక్కునేది. చిన్నప్పుడు నన్ను జోకొట్టింది కూడా దానితోనే. మిగతా పిల్లలు చందమామను చూస్తూ నిద్రపోతే నేను దువ్వెనలు లెక్కపెడుతూ పోయానన్నమాట.

మొదటి అంతస్తులో మూడు చీకటి గదులున్నాయి. కంటి లోపల చూడాలంటే గది చీకటిగా ఉండాలట. గోడలకు నల్ల రంగు, తలుపుకు నల్ల తెర, కిటికీలు లేవు. తుడిచేవాళ్ళ కోసం గదికొక బల్బు పెట్టారు గానీ అమ్మమ్మ వేసేది కాదు.

"నా కాళ్ళకి నేల తెలుసు, నేలకి నా కాళ్ళు తెలుసు. మధ్యలో కరెంటెందుకు?" అనేది.

చెప్పులు గుమ్మం దగ్గర విప్పి, ఎదుటి మూల నుంచి వెనక్కి నడుస్తూ తుడుచుకు వచ్చేది. కళ్ళలో వేసే మందు చుక్కలు నేలమీద పడి ఆరితే జిగటగా ఉంటాయి. అరికాలికి తగిలీ తగలగానే ఆగి, బొటనవేలితో చుట్టూ తడిమి, సరిగ్గా అక్కడే రెండుసార్లు రుద్దేది. చూసినవాళ్ళంతా అబ్బో అనేవారు. నేనూ అన్నాను. నా బుర్ర అంతే.

పోయినేడు ఆస్పత్రికి నేల తుడిచే రోబో వచ్చింది. పళ్ళెమంత గుండ్రంగా ఉంది, నెత్తిన బొత్తామంత కన్ను. అది వచ్చిన వారానికి ఐదుగురు తుడిచేవాళ్ళలో నలుగురిని మానిపించారు. అమ్మమ్మను మాత్రం సూపర్‌వైజర్ పక్కకు పిలిచాడు.

"ఆయమ్మా, దీనికి కెమెరానే కళ్ళు. వెలుతురు లేకపోతే దారి తప్పి ఆగిపోతుంది. ఆ మూడు చీకటి గదుల కోసం నిన్నొక్కదాన్నీ ఉంచుతున్నాం. పొద్దున్నే ముందు నువ్వెళ్ళి లైటు వెయ్యి. అది తుడిచి బయటికొచ్చాక ఆర్పెయ్యి."

"అంటే ఇది నడుస్తుంటే నేను దీపం పట్టుకోవాలా?"

"దీపం కాదు ఆయమ్మా, స్విచ్ నొక్కాలి."

"రెండూ ఒకటేలే. కొత్తల్లుడొచ్చాడని చెప్పు."

అలా దానికి అల్లుడనే పేరు స్థిరపడింది. "రాత్రంతా గోడకానుకుని మేస్తాడు, పొద్దున్నే ఓ గంట అటూ ఇటూ తిరుగుతాడు, మళ్ళీ పోయి పడుకుంటాడు. కాలికి వైరు అడ్డమొస్తే అలక" అని ఇంటికొచ్చి చెప్పేది. ఆ సమయానికి మా నాన్న ఇంట్లో ఉండేవాడు కాదు కాబట్టి సరిపోయింది. అల్లుడు తుడిచి వెళ్ళాక అమ్మమ్మ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, వాడు వదిలేసిన జిగట మరకలన్నీ కాలితో వెతికి మళ్ళీ తుడిచేది. "అల్లుడితో మాత్రం అనకండి, నొచ్చుకుంటాడు" అనేది.

"ఇంక మానెయ్యమ్మా, చేసింది చాలు" అంది మా అమ్మ ఒకరోజు.

"మానేసి? క్యాలెండర్లా గోడకి వేలాడనా? నెలకోసారి వచ్చి తిప్పి పోతారా?"

"అది కాదమ్మా..."

"ఇరవై ఆరేళ్ళ నుంచి ఆస్పత్రిలో చూస్తున్నానే. ఒకప్పుడు పిల్లల ముందు గబగబా నడిచొచ్చిన మగాళ్ళే, తర్వాత వాళ్ళ చెయ్యి పట్టుకుని పసిపిల్లల్లా అడుగులేస్తూ వెళ్తారు. నా చెయ్యి ఒకళ్ళు పట్టుకుని నడిపించకూడదు. ఎవరైనా పట్టుకుంటే విరగ్గొడతాను."

మేం నవ్వాం. ఆ రోజుల్లో మేం చాలా వాటికి నవ్వాం. గ్లాసులో నీళ్ళు పోసేటప్పుడు వేలు లోపల పెట్టి పోసేది. శుభ్రం నేర్పే మనిషి చేసే పనేనా ఇది అని నేను ఎగతాళి చేశాను. ఎదురింటావిడ కుడివైపు నుంచి చెయ్యి ఊపితే పలకరించేది కాదు. ముసలామెకు పొగరెక్కిందని ఆవిడ వీధంతా చెప్పింది. తలుపుకు భుజం కొట్టుకుంటే "ఈ తలుపు నన్ను చూసి జరిగిందే" అనేది. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం.

ఒకరోజు పొద్దున్న ఆమె అన్నం డబ్బా మర్చిపోయి వెళ్ళింది. ఇద్దామని మొదటి అంతస్తుకు వెళ్ళాను. రోగులు ఇంకా రాలేదు. మూడో చీకటి గది తెర తప్పించుకుని లోపలికి వెళ్ళాను. తెర వెనక్కి పడగానే కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. నేలమీద అల్లుడి ఎర్రదీపం ఒక్కటే వెలిగి ఆరుతోంది.

"వెలుతురు చాలడం లేదు. దయచేసి దీపం వేయండి" అంది అల్లుడి గొంతు.

"వేశాను నాయనా" అంది అమ్మమ్మ గొంతు.

"వెలుతురు చాలడం లేదు. దయచేసి..."

"వేశానంటుంటే! నెత్తిన ఉన్నది కన్నా, చొక్కా గుండీయా? ఇంత వెలుతురు పెట్టుకుని చీకటంటావేంట్రా? పనికి ఒళ్ళు వంగదని చెప్పు." స్విచ్ టక్కుమంది. "ఇదిగో ఆర్పాను." మళ్ళీ టక్కుమంది. "ఇదిగో వేశాను. తెలిసిందా తేడా?"

గదిలో ఏ తేడా లేదు. బల్బు మాడిపోయి ఉంది.

డబ్బాను గుమ్మం దగ్గర పెట్టేశాను.

"ఎవరక్కడ? చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి ఆగావు, నువ్వేనా?"

"నేనే అమ్మమ్మా."

"చూడవే వీడి వేషాలు. పట్టపగల్లా ఉంటే కదలనంటాడు."

"అవునమ్మమ్మా, వట్టి సోమరిపోతు" అన్నాను.

తడుముకుంటూ వెళ్ళి అల్లుణ్ణి ఎత్తి వరండాలో పెట్టాను. వెలుతురు తగలగానే బుద్ధిగా కదిలాడు.

"వచ్చేటప్పుడు ఆ లైటు ఆర్పెయ్యవే, ఊరికే కాలుతోంది" అంది అమ్మమ్మ.

వెనక్కి వెళ్ళి, వెలగని బల్బు స్విచ్ ఆర్పాను.

ఆ మధ్యాహ్నం చార్టు గది బయట నిలబడి విన్నాను. లోపల ఎవరో చెబుతున్నారు. ఎడమ, పైన, కుడి, కుడి, కింద. నన్ను జోకొట్టిన పాట! కళ్ళు మూసుకుని వాళ్ళకంటే ముందు నేనే మిగతా వరుసలన్నీ చెప్పేయగలను. నేనే చెప్పగలిగినప్పుడు అమ్మమ్మ చెప్పడం ఏం గొప్ప?

సిబ్బంది పరీక్ష ఇంకో వారంలో ఉంది. అమ్మమ్మ ఎప్పటిలాగే గడగడా చెప్పేస్తుంది, పని నిలబడుతుంది, లోపల మిగిలిన కాస్త చూపు ఎవరికీ తెలియకుండా పోతుంది. నేను నోరు విప్పితే చూపు కొంతైనా దక్కుతుందేమో, పని మాత్రం ఖాయంగా పోతుంది. నాలుగు రోజులు ఫ్రేములు తుడిచిందే తుడిచాను. ఐదో రోజు పెద్ద డాక్టరమ్మ దగ్గరికెళ్ళి ఒక్క మాట చెప్పాను.

"మేడమ్, ఆయమ్మ వంతు వచ్చినప్పుడు చార్టు తలకిందులుగా పెట్టండి."

ఆమె నా మొహంలోకి చూసింది. సరేనని తల ఊపింది.

పరీక్ష రోజు అమ్మమ్మ చేతులు కడుక్కుని, జుట్టు సర్దుకుని కుర్చీలో దర్జాగా కూర్చుంది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. చార్టు తలకిందులుగా వేలాడుతోంది. పెద్ద దువ్వెనలన్నీ కింద, చిన్నవన్నీ పైన. చూపున్నవాళ్ళెవరైనా "అదేంటి డాక్టరమ్మా, బోర్డు తిరగబడిందే" అని నవ్వేవారు.

అమ్మమ్మ నవ్వలేదు. ఒక కన్ను మూసుకుని, వేలు గాల్లో తిప్పుతూ మొదలుపెట్టింది. "ఎడమ, పైన, కుడి, కుడి, కింద." ఆఖరి వరుస దాకా, ఎక్కడా తడబడకుండా, నన్ను జోకొట్టిన ఆ రాగంలోనే.

డాక్టరమ్మ లేచి వెళ్ళి చార్టును మళ్ళీ సరిగ్గా తిప్పింది. ఆ చప్పుడు అమ్మమ్మకు అందింది. గాల్లో ఉన్న వేలు మెల్లగా ఒళ్ళోకి దిగింది.

"తిప్పి పెట్టారా?"

"పెట్టాను ఆయమ్మా."

"ఎవరు చెప్పారు?"

అమ్మమ్మ నా వైపు తల తిప్పింది. నన్ను చూసి కాదు, కాసేపటి క్రితం నా చెప్పుల చప్పుడు ఎక్కడ ఆగిందో అటు.

ఆ తర్వాత ఆమెను మూడో చీకటి గదికే తీసుకెళ్ళారు. అన్నేళ్ళు ఏ కుర్చీ కాళ్ళు తుడిచిందో ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి కళ్ళలో లైటు వేసి చూశారు. నీటికాసులట, కంట్లో ఒత్తిడి పెరిగి నొప్పి లేకుండా చూపును తినేసే జబ్బు. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంట్లో గొట్టంలోంచి చూసినట్టు కాస్త మసక మిగిలింది, అదీ పట్టపగటి ఎండలోనే. పోయింది తిరిగి రాదు. మిగిలింది రోజూ చుక్కల మందు వేస్తే నిలవచ్చు. "మొదట్లోనే చూపించుకుని ఉంటే..." అని డాక్టరమ్మ మధ్యలో ఆపేసింది. అవే చుక్కలు నేలమీద పడితే అమ్మమ్మ ఇరవై ఆరేళ్ళు తుడిచింది.

పది రోజుల్లో చీకటి గదుల్లో కొత్త బల్బులు పెట్టారు. ఏదైనా కదిలితే వాటంతటవే వెలుగుతాయి. అల్లుడు లోపలికి వెళ్ళగానే దీపం, బయటికి రాగానే చీకటి. స్విచ్ నొక్కే మనిషి అక్కర్లేదు. సూపర్‌వైజర్ అమ్మమ్మ మెడలోని గుర్తింపు కార్డు తీసుకున్నాడు. తుడుపు కర్ర అడగడం మర్చిపోయాడు. అది ఇప్పుడు మా ఇంట్లో తలుపు వెనక ఉంది.

పన్నెండు రోజులు అమ్మమ్మ నాతో మాట్లాడలేదు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నా "ఆ చాడీలమారిని అన్నం తినమను" అని అమ్మతో చెప్పించేది. పదమూడో రోజు మందు కోసం ఆస్పత్రికి వెళ్ళాల్సి వచ్చింది. నేను చెయ్యి చాచాను.

"తియ్యి చెయ్యి. ముందు నువ్వు నడు. ఆ చెప్పులు బాగా ఈడ్చుకుంటూ నడు. చప్పుడు వింటూ నేనొస్తాను."

"రోడ్డు మీద అందరూ నన్ను చూసి నవ్వుతారు."

"నవ్వనీ. నన్ను చూసి మీరు నవ్వలేదూ?"

కాబట్టి వారానికోసారి నేను ముందు టపటపలాడించుకుంటూ, ఆమె రెండడుగులు వెనకగా వెళ్తాం. పోయిన వారం ఆస్పత్రి వరండాలో అల్లుడు మా పక్కనుంచే గర్వంగా వెళ్ళాడు. అమ్మమ్మ ఆగింది. ఒక చెప్పు విప్పి, వాడు తుడిచిన చోట కాలు పెట్టి, బొటనవేలితో తడిమింది.

"ఇక్కడ వదిలేశాడు" అంది.

చుట్టూ చూశాను. చెప్పడానికి ఎవరూ లేరు. ఆమె వంగి, కొంగుతో ఆ మరక రెండుసార్లు రుద్ది, చెప్పు వేసుకుని "నడు" అంది. ఎందుకో ఆ రోజంతా నాకు నవ్వు రాలేదు.

ఇదంతా రాసి నిన్న ఆమెకు చదివి వినిపించాను. మందు చుక్కలు వేయించుకుని, కళ్ళు మూసుకుని, కదలకుండా విన్నది. పాట దగ్గర ఏడుస్తుందేమో, నన్ను దగ్గరికి తీసుకుంటుందేమో అనుకున్నాను.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది అమ్మమ్మా."

"అంత పెద్ద ఆస్పత్రిలో ఆ బల్బు మాడిపోయిందని కళ్ళున్నవాడు ఒక్కడూ చూళ్ళేదు. ముందు అది రాయవే."