సీసపు గుండు

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. తూకం వేస్తే తులం కూడా ఉండదు. శనగగింజంత సీసపు గుండు. దాని గురించి ఒక్క అబద్ధం ఆడి, ఒక పనివాడికి తన చేతి మీద ఉన్న నమ్మకాన్ని పోగొట్టాను. నా పేరు రాయను. మీరు నన్ను ఎరగరు కనుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివరి రోజులు. నంద్యాలలో మెకానికల్ డిప్లొమా ముగించబోతున్నాను. కాలేజీలో పాత యంత్రాల ప్రదర్శన పెట్టారు. ఆళ్లగడ్డలో ప్రకాశం అయ్యవారనే రిటైరైన టీచరు ఇంట్లో గ్రామఫోను ఉంది, అది ఏ కంపెనీదో గుర్తించి రాసుకురమ్మని నన్ను పంపారు. నేను వెళ్లేసరికి దాన్ని బాగుచేసి ఇచ్చిన హుస్సేనప్ప కూడా అక్కడే ఉన్నాడు. కుట్టుమిషన్లు రిపేరు చేసే మనిషి. ఆయన ఇంట్లోవాళ్లు దూది ఏకి బొంతలు కుడతారు.

జాబితా రాయడం మొదలుపెట్టాను. మోటారు ఒక కంపెనీది. సూదిని మోసే చెయ్యి ఇంకొకదానిది. సూది అదురును శబ్దంగా మార్చే సౌండ్ బాక్సు మూడోదానిది. హార్ను కిరోసిన్ డబ్బా రేకుతో కొట్టింది. అతుకు ఎక్కడుందో వేలికి తగల్లేదు. అదరకుండా మోటారు కింద నల్లరాతి పలక, శిల్పుల దగ్గర అడిగి చెక్కించుకున్నది. తిరిగే పళ్లెం మీద సుద్దగీత పెట్టి, వాచీ చూస్తూ లెక్కించాను. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు. ఉండవలసినవీ అన్నే. మళ్లీ లెక్కించాను. డెబ్బై ఎనిమిదే. హుస్సేనప్పకు వాచీ లేదు. చెవితోనే సరిచేశాడట.

"ఏందప్పా, కంపెనీ పేరు తేలిందా?" అన్నారు అయ్యవారు.

"ఒకటి కాదు సార్. మూడు కంపెనీలవి ఉండాయి."

"నాలుగప్పా. నన్ను ఇడ్సిపెడ్తాండావ్" అన్నాడు హుస్సేనప్ప.

"వీనిది బొంత కంపెనీలే" అని అయ్యవారు నవ్వారు.

"బొంతే సార్. ఏ గుడ్డ ఎంత సాగుతాదో కుట్టేటోనికి తెలిసుంటే బొంత చినగదు."

ఆ మాట అప్పుడు నాకు హాస్యంగానే వినిపించింది. శుక్రవారం. ఆయన నమాజుకు వెళ్లాడు. అయ్యవారు భోజనానికి లోపలికి వెళ్లారు. నేను పెట్టె విప్పాను.

వేగాన్ని అదుపు చేసే గవర్నరులో మూడు స్ప్రింగు రేకులు, రేకుకొక గుండు. రెండు గుండ్లు ఇత్తడివి, ఒకటి సీసంది. మూడూ ఒకే బరువుండాలని మా పుస్తకంలో ఉంది. తప్పు దొరికిందని సంతోషించాను. ఎందుకంత సంతోషం? అన్నీ సరిగ్గా ఉండటం నాకు కష్టంగా తోచిందా? హుస్సేనప్ప పనిముట్ల డబ్బాలోనే సరిపోయే ఇత్తడి గుండు దొరికింది. సీసాన్ని తీసి అది బిగించి, కీ ఇచ్చి వదిలాను. పెట్టె గడగడ వణికింది. టప్పుమని ఒక రేకు విరిగింది. వెంటనే సీసపు గుండును మళ్లీ దాని చోటులో బిగించాను.

ఆయన తిరిగొచ్చి వంగి చూశాడు. "ఏమన్నా కదిలించినావా అప్పా?"

"లేదు. ఊరికే తిప్పినా, ఇరిగింది."

విరిగిన రేకును వేలితో తడిమాడు. "సీసం బరువుకే ఇరిగిందంటావా?"

"అవును" అన్నాను.

"అట్లనే ఉంటాదిలే. సదువుకున్నోనివి, నీకు తెలుస్తాది."

కోపం లేదు, వాదన లేదు. నా కాగితం మీద 'అతుకులబొంత, చెడిపోయినది, ప్రదర్శనకు పనికిరాదు' అని రాసి బస్సెక్కాను.

ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు, ఒక సెలవుపూట, గుర్తున్న కొలతలతో కాగితం మీద లెక్క వేశాను. ఆ మూడు రేకుల్లో సీసపు గుండు ఉన్నది గోడగడియారం స్ప్రింగు నుంచి కత్తిరించింది, మిగతా రెంటికంటే మందం. మందమైన రేకు వాటితో సమానంగా వంగాలంటే దాని గుండు బరువుగా ఉండాలి. అదే సైజులో ఎక్కువ బరువు కావాలంటే సీసమే దారి. నేను సూత్రాలతో గంటన్నర కష్టపడి చేరిన చోటికి ఆయన చెవి పెట్టి విని చేరాడు. అంత చక్కటి పనిని నేను మళ్లీ చూడలేదు.

చెప్పేద్దామని ఆళ్లగడ్డ వెళ్లాను. ఆయన అంగడి ముందు ఒకతను గోడగడియారం పట్టుకుని నిలబడి ఉన్నాడు. "కుట్టుమిషనుంటే తేప్పా. ఇట్లాటివి మానుకున్యా, చేతికి లెక్క తప్పింది" అంటున్నాడు హుస్సేనప్ప. పది అడుగుల దూరంలో నిలబడి విన్నాను. ఆ పది అడుగులు నడవలేక, అహోబిలం బస్సు వస్తే ఎక్కేశాను. అహోబిలంలో నాకు పనేమీ లేదు.

నిరుడు ఆయన పోయాడని తెలిసింది. ఇక క్షమించమని అడగడానికి మనిషి లేడు. ఉన్నప్పుడు మాత్రం అడిగానా? ఇది రాస్తుంటే మొదటిసారి కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతే. ఆ రోజు కాగితం మీద రాయవలసింది ఇప్పుడు రాస్తున్నాను.

తయారీ: హుస్సేనప్ప, ఆళ్లగడ్డ. స్థితి: నేను చెయ్యి పెట్టేదాకా బాగుంది.