నత్తలకి చేసిన బెల్లం ఉండలు

టైలరమ్మ ఇంటికి రెండు ముఖాలు. వీధివైపు గదిలో కుట్టుమిషను, గోడ పొడవునా బడిపిల్లల యూనిఫాం గుడ్డలు, గుండీల డబ్బాలు. పెరటి తలుపు తీస్తే నాలుగు మడుల కూరగాయల తోట. మిషను ఇంటిల్లిపాదినీ పోషిస్తుంది. తోట మాత్రం ఒక్క మనిషి కోసం, అత్తగారి కోసం.

అత్తగారిది చక్కెర జబ్బు. వీధిలో వాళ్ళు ఆవిడకి చీమలమ్మ అని పేరు పెట్టారు. ఇంట్లో తీపి ఏ మూల దాచినా చీమలకంటే ముందు ఆవిడే చేరుతుందని. ఆ పేరు చెవిన పడినప్పుడు ఆవిడేం నొచ్చుకోలేదు. "చీమలకి నా అంత తెలివెక్కడిది? వరస కట్టి వెళ్ళి దొరికిపోతాయి" అని నవ్వేసింది.

ఆవిడ అలా నవ్వేసేది గాని కోడలికి మాత్రం ప్రాణం మీదికి వచ్చేది. కాలి వేలికి తగిలిన చిన్న దెబ్బ నెలల తరబడి మానకపోతే డాక్టరు కళ్ళజోడు తీసి మరీ చెప్పాడు, తీపి మానకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని, ఆకుకూరలూ కాకరకాయలూ బాగా పెట్టమని. ఆ మర్నాడే టైలరమ్మ పెరడు తవ్వింది. భర్త లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, నెలకోసారి కనబడతాడు. ఆ తల్లి బరువంతా ఈమె మీదే.

చక్కెర డబ్బా గుండీల వెనక దాస్తే దొరికింది. బియ్యంలో పాతిపెడితే అదీ దొరికింది. విసిగిపోయి ఒకరోజు ఒక అబద్ధం ఆడింది. "చక్కెరలో చీమల మందు కలిపానత్తయ్యా, ముట్టుకున్నారంటే ప్రాణం పోతుంది." ముసలావిడ హడలిపోయింది. నాలుగు రోజులు ఆ డబ్బా వైపు కన్నెత్తి చూడలేదు. ఐదో రోజు బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళకి కోడలు అదే డబ్బాలోంచి చక్కెర తీసి టీ కలుపుతుంటే చూసింది. ఆ మధ్యాహ్నం డబ్బా సగం ఖాళీ అయింది. ఆ తర్వాత కూడా టైలరమ్మ బిస్కెట్లలో ఎలుకల మందు అనీ, జామ్ సీసాలో బొద్దింకల మందు అనీ అంటూనే ఉండేది. అలవాటు మరి. ముసలావిడ వింటూనే ఉండేది, తింటూనే ఉండేది.

అంతలో వానలు పట్టుకున్నాయి. వానలతో పాటు నత్తలూ దిగాయి. పెంకు ఉన్నవి కావు. పెంకు లేనివి, వేలెడు పొడవు, మట్టిరంగు, ఒళ్ళంతా జిగురు. రాత్రి తిని పొద్దున్నకి ఎక్కడ దాక్కుంటాయో దాక్కుంటాయి, మడి మీద వెండిదారంలా మెరిసే జాడ మాత్రం మిగులుతుంది. పాలకూర మొక్కలు రెండాకులు వేశాయని సంబరపడిన మర్నాడే ఉత్త కాడలు. తోటకూర జల్లెడ. మెంతికూర అసలు మొలిచిందా అన్న అనుమానం.

టైలరమ్మ ఊరుకునే మనిషి కాదు. బూడిద చల్లింది, వానకి కొట్టుకుపోయింది. ఉప్పు చల్లింది, నత్తలు చచ్చాయిగాని ఆ మూల మడిలో మొక్కలూ మాడిపోయాయి. మడుల మధ్య చెక్కలు, తడి గోనెసంచులు పరిచి, తెల్లారగానే ఎత్తి, కింద చేరిన వాటిని పట్టకారుతో ఏరి ఉప్పునీళ్ళ డబ్బాలో పడేసింది. అది పనిచేసింది. కానీ బడులు తెరిచే రోజులు, తెల్లారేసరికి మిషను దగ్గర కూర్చోకపోతే గడవదు. ఏరడానికి తీరికెక్కడ? ఒకరోజు వదిలేస్తే చాలు, రెండు రోజుల పని నేలపాలు.

ఆసుపత్రిలో ఈసారి పరీక్షలో చక్కెర మళ్ళీ పెరిగింది. ఆకుకూరలు పెడుతున్నారా అని డాక్టరు అడిగితే టైలరమ్మ నీళ్ళు నమిలింది. ఆ కోపమంతా ఇంటికి మోసుకొచ్చింది. నత్తల మీది కోపం కొంత, అత్తగారి మీది కోపం కొంత, రెండూ కలిసిపోయాయి.

మర్నాడు పొద్దున పళ్ళెంలో కాకరకాయ కూర తప్ప ఇంకేమీ లేదు. చీమలమ్మ పళ్ళెం పక్కకి నెట్టేసింది.

"ఈ చేదు తినలేక చస్తున్నానే. ఒక్క ముద్దైనా నోటికి హితవుగా పెట్టవా?"

"అయితే తీపి తినే చావండి! నా పీడా వదులుతుంది!"

అనేసింది. మిషను చప్పుడుతో పెరిగిన గొంతు కాబట్టి పక్కింటికి కూడా వినబడే ఉంటుంది. ముసలావిడ మారుమాట లేకుండా పళ్ళెం దగ్గరికి లాక్కుని, కాకరకాయ అంతా తినేసి, వెళ్ళి మంచమెక్కింది. తిట్టిపోసినా బాగుండేది, ఆ మౌనమే టైలరమ్మని దహించింది. ఆ మంటని చల్లార్చుకోవడానికి ఏదో ఒకటి చెయ్యాలనిపించి, విత్తనాల కొట్టువాడు ఇచ్చిన పొట్లం తీసింది.

నత్తల మందు. తవుడులో బెల్లంపాకం పోసి, ఆ పొడి కలిపి, ఉండలు చేసి, సాయంత్రం మొక్కల మొదళ్ళలో పెట్టమని చెప్పాడు. తీపివాసనకి నత్తలు వచ్చి తిని చస్తాయట. "చేతికి కవరు తొడుక్కోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే జాగ్రత్త" అన్నాడు. మా ఇంట్లో చిన్నపిల్లలెవరున్నారు అనుకుంది టైలరమ్మ. అక్కడే పొరపాటు పడింది.

బెల్లం కరిగే వాసన ఇల్లంతా అలుముకుంది. ఆ ఇంట్లో ఆ వాసన లేచి ఎన్నాళ్ళయిందో. కుట్టుపని చేసే చెయ్యి కదా, ఉండలన్నీ అచ్చుపోసినట్టు ఒకే కొలతలో వచ్చాయి. పళ్ళెంలో వరసలుగా పేర్చి, వెనక వసారా అరుగు మీద ఆరబెట్టి, బుట్ట బోర్లించింది. అంతలో వీధిలోంచి కేక. జాకెట్టు బిగుతైందని పంతులమ్మ వచ్చింది. కొలత తీసుకుని, కుట్టు విప్పి, నాలుగు మాటలు చెప్పి పంపించి వెనక్కి వచ్చింది.

బుట్ట కొంచెం పక్కకి జరిగి ఉంది.

ఎత్తి చూసింది. మధ్య వరసలో ఒకచోట ఉండ లేదు. గుండ్రటి తడిమచ్చ ఉంది.

టైలరమ్మ అరుగు కిందా పక్కలా వెతికింది. పిల్లి అనుకుంది, కాకి అనుకుంది. పిల్లీ కాకీ బుట్ట ఎత్తి, ఒక్కటే తీసుకుని, మళ్ళీ బుట్ట బోర్లిస్తాయా? ఆ ఇంట్లో ఆ పనితనం ఒక్కరిదే.

గదిలోకి పరుగెత్తింది. చీమలమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అత్తయ్యా! వసారాలో ఉండ తీశారా?"

"నేనెందుకు తీస్తాను?"

గడ్డానికి చక్కెర అంటుకుని ఉన్నప్పుడు కూడా ఆవిడ ఇదే మాట, ఇదే గొంతుతో అనేది. కాబట్టి ఆ జవాబుకి విలువ లేదు.

"అది తినేది కాదత్తయ్యా, విషం! నత్తల మందు కలిపాను!"

ముసలావిడ నెమ్మదిగా ఇటు తిరిగింది. పెదాల మీద ఒక వంకర నవ్వు. "చీమల మందు అయింది, ఎలుకల మందు అయింది. ఇప్పుడు నత్తల మందా? కొత్తవి బాగానే కనిపెడుతున్నావే."

"నిజంగా! నా మీద ఒట్టు! తిన్నారా లేదా, అది చెప్పండి చాలు!"

"తిన్నాను. అయితే ఏమిటంట? తినే చావమన్నావుగా. చస్తాలే, నీ పీడా వదులుతుంది."

పొద్దున టైలరమ్మ అన్న మాట అక్షరం పొల్లుపోకుండా తిరిగి వచ్చింది. నిజంగా తిన్నదో, తన మీద కక్షతో అంటోందో ఆ ముఖంలో తెలియడం లేదు. ఆవిడ నోరు వాసన చూడబోతే మూతి ముడుచుకుని చెయ్యి అడ్డం పెట్టింది. వేళ్ళకి మాత్రం బెల్లం జిగురు ఉంది. తవుడు పొట్టు ఒకటి గోరులో ఇరుక్కుని ఉంది.

పక్కింటి కాంపౌండర్ బాబాయిని కేకేసింది. ఆసుపత్రిలో మందులిచ్చి తల నెరిసిన మనిషి, లుంగీ మీదే వచ్చేశాడు. పొట్లం వెనక అక్షరాలు చదివేసరికి ఆయన ముఖం మారిపోయింది.

"వాంతి చేయించకు. ఉప్పునీళ్ళు తాగించకు. చేతులు సబ్బుతో కడుగు. ఈ పొట్లం సంచిలో వేసుకో, డాక్టరుకి చూపించాలి. నేను ఆటో తెస్తాను."

ఆయన మాట విన్నాక ఇక అనుమానం లేదు, ఇది నిజంగా ప్రాణం మీదికి వచ్చిన వ్యవహారం. సబ్బునీళ్ళ గిన్నె తెచ్చింది. చీమలమ్మ చేతులు దుప్పటి కింద దాచుకుంది.

"ఇద్దరూ కలిసి నాటకమాడుతున్నారు. నేను ఎక్కడికీ రాను. ఆసుపత్రికి తీసుకెళ్ళి సూది పొడిపిస్తారు, అంతేగా?"

"అత్తయ్యా, మీ కాళ్ళకి దండం పెడతాను, లేవండి."

"కాళ్ళు పట్టుకుంటే పొద్దున అన్నది పోతుందా?"

వీధిలో ఆటో హారన్ మోగింది. ఇంక బతిమాలే సమయం లేదు. టైలరమ్మ వంగి అత్తగారిని చంటిపిల్లలా ఎత్తుకోబోయింది. ఎత్తలేకపోయింది. మోకాళ్ళ మీద కూలబడి, మంచం పట్టె మీద తల పెట్టి, బావురుమంది.

"నేను ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ అబద్ధాలే అత్తయ్యా. చక్కెరలో ఏమీ కలపలేదు, బిస్కెట్లలో ఏమీ కలపలేదు. మీ వేలు తీసేస్తారేమోనన్న భయంతో చెప్పాను. ఇది ఒక్కటి నిజం. ఈ ఒక్కటి నమ్మండి. ఇంకెప్పుడూ నమ్మకపోయినా పరవాలేదు. మీకేమైనా అయితే నేను ఏమైపోవాలి? ఆయనకి ఏమని చెప్పాలి? అసలు నాకెవరున్నారు?"

చీమలమ్మ నవ్వు ఆగిపోయింది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి కోడలు ఏడవగా ఆవిడ చూడలేదు. వేలిలో సూది విరిగినప్పుడు కూడా పళ్ళబిగువున పట్టకారుతో లాగేసుకున్న మనిషి ఇది.

"ఏమే," అంది. గొంతు మారిపోయింది. "నిజంగానే విషమా?"

"నిజంగానే."

ముసలావిడ దుప్పటి తీసి, దిండు గలీబులో చెయ్యి పెట్టింది. కాగితం పొట్లం ఒకటి బయటికి తీసింది. యూనిఫాం కత్తిరించే నమూనా కాగితం అది. అందులో ఉండ ఉంది. రెండు ముక్కలు చేసి ఉంది, సమానంగా. ఒక్క కొస కూడా కొరికి లేదు.

"తినలేదే. సాయంత్రం టీ తాగేటప్పుడు చెరి సగం తిందామని విరిచి పెట్టాను." ఆవిడ ఆ రెండు ముక్కల వైపు చూసింది. "పొద్దున తిట్టావుగా. బెల్లం వాసన వస్తుంటే, పాపం మనసు ఆగక నాకోసమే చేస్తోందనుకున్నాను. అడిగి తీసుకుంటే నీకు సిగ్గుగా ఉంటుందని..."

టైలరమ్మ ఆ పొట్లం లాక్కుని దూరంగా పెట్టింది. గిన్నె దగ్గరికి లాగి, ఆ ముడతల చేతుల్ని వేలు వేలూ రుద్ది కడిగింది. గోరులో ఇరుక్కున్న తవుడు పొట్టుని కుట్టుసూది మొండి వైపుతో తీసింది. మళ్ళీ కడిగింది. "వేలు నోట్లో పెట్టుకున్నారా?" అని అడిగింది. "విరిచాక నాకబోయాను. నువ్వు వచ్చేశావు" అంది చీమలమ్మ, చిన్నపిల్లలా.

కాంపౌండర్ బాబాయి అయినా ఒప్పుకోలేదు. ఆవిడ 'నాకలేదు' అనడం మీద ఆయనకీ అంత నమ్మకం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు పొట్లం చదివి, నాడి చూసి, చీకటి పడేదాకా కూర్చోబెట్టాడు. అంతసేపూ టైలరమ్మ అత్తగారి ముఖం మీంచి చూపు తిప్పలేదు. ఆవిడ ఆవలిస్తే గుండె ఆగినంత పని. దగ్గితే లేచి నిలబడింది. చివరికి డాక్టరు ఇంటికి వెళ్ళొచ్చు అన్నాక, ఎందుకో ఆయన మీదే కోపం వచ్చి, "బాగా చూశారా?" అని గద్దించింది.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, ఇంకో మాట అడిగింది. ఎప్పుడైనా ఒకసారి చిన్న బెల్లం ముక్క పెట్టొచ్చా? డాక్టరు కొంచెం ఆలోచించి, గోరంత, అదీ ఎప్పుడైనా, అన్నాడు.

మిగిలిన ఉండలూ పొడీ కలిపి సంచిలో గట్టిగా మూటకట్టి, కొట్టువాడికి తిరిగి ఇచ్చేసింది. ఆ పళ్ళెం కూడా ఇంట్లో ఉంచలేదు. మళ్ళీ చెక్కలూ గోనెసంచులూ పరిచింది. ఇప్పుడు తెల్లారగానే పెరట్లో కుర్చీ వేసుకుని చీమలమ్మ కూర్చుంటుంది. కోడలు చెక్క ఎత్తుతుంటే, "అదుగో, కాకర పాదు కింద! నీకు కళ్ళు మిషను దగ్గరే పనిచేస్తాయా?" అని కేకలేస్తుంది. దాక్కున్న దాన్ని పట్టుకోవడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. ఇద్దరున్నాక ఏరడం తొందరగా అయిపోతోంది. పాలకూర ఈసారి నాలుగాకులు వేసింది.

ఒక సాయంత్రం టైలరమ్మ టీతో పాటు చిన్న పళ్ళెం తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. దాని మీద గోరంత బెల్లం ముక్క.

చీమలమ్మ దాన్ని చూసింది, కోడల్ని చూసింది.

"ఇందులో ఏం కలిపావు?"

"ఏమీ కలపలేదత్తయ్యా."

ముసలావిడ మరి అడగలేదు. ఆ ముక్కని గోటితో జాగ్రత్తగా రెండు చేసి, ఒకటి కోడలి చేతిలో పెట్టి, రెండోది తన నోట్లో వేసుకుంది.