బొమ్మ కింద పేరు

ప్రదర్శన గురువారం సాయంత్రం ఆరుంబావుకు మొదలైంది. కువైట్‌లో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి కూతురు, తనను చూడ్డానికి అక్కడికెళ్లిన నన్ను ఈ చిత్ర ప్రదర్శనకు తీసుకెళ్లింది. గీసింది ఒక ఆఫ్రికా చిత్రకారుడు. నీలం, నారింజ, పసుపు రంగుల్లో పద్నాలుగు ముఖాలు. రంగులు వేరైనా మనుషులంతా ఒకటేనని, అయినా ఎవరి గుర్తింపు వారికుండాలని ఆయన ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాడు.

తర్వాత, బొమ్మలు కొనడానికొచ్చిన ఒక కువైటీ యజమానురాలి వెనక గోడవార నిలబడ్డ పనిమనిషిని కూర్చోబెట్టి పెన్సిల్‌తో బొమ్మ గీశాడు. ఆమెది కడప దగ్గరి ఊరు.

"మా పాపకు పంపిస్తా పెద్దమ్మా. నేనీడికొచ్చి నాలుగేండ్లాయ, నా మొగం మర్సిపోయింటాది," అని నాతో చెప్పుకుని మురిసిపోయింది.

కింద రాయడానికి ఆయన పేరడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే యజమానురాలు "మేరీ" అంది.

"మేరీ ఏమిటమ్మా?" అన్నాను.

"నాకంటే ముందు పన్జేసినామె పేరు పెద్దమ్మా. కొత్త పేర్లు మామాకు, అదే ఈయమ్మకు, నోరు తిరగవంట. వచ్చిన రోజే మార్చేసింది. నేను సుబ్బమ్మను."

ఆ మాటే చిత్రకారుడికి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన యజమానురాలి వైపు చూశాడు. ఆమె అప్పటికే రెండు పటాలు కొని ఉంది. 'మేరీ' అని చాలా అందంగా రాశాడు.

"మా హాల్లో పెడతాను. యల్లా, పద మేరీ!" అంటూ ఆవిడ బొమ్మను చుట్టి, కారులో పెట్టమని సుబ్బమ్మ చేతికే ఇచ్చింది.

ఆ సాయంత్రం సుబ్బమ్మకు పోయింది బొమ్మ ఒక్కటే. పేరు నాలుగేళ్ల కిందటే పోయింది కాబట్టి లెక్కలో కలపలేదు.